తాడు కనబడే దయ్యం: చెత్త సినిమాలు, నేల క్లాసు నవ్వు

తెలుగు సినిమా విమర్శకు ఒక పాత అలవాటున్నది. బాగా తీసిన సినిమాను పట్టుకొని మెచ్చుకుంటుంది, లేకపోతే తిడుతుంది. బాగా తీయని సినిమా దాని కంటికి ఆనదు. ‘సీ గ్రేడు’ అని ఒక్క మాట అనేసి పక్కకు పెడుతుంది. గ్రేడు కట్టడం ఈ దేశంలో కొత్త విద్య కాదు. మనుషులకే మెట్లు కట్టిన సమాజం సినిమాలకు కట్టకుండ ఎట్ల ఉంటది? టాకీసులో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని కట్టింది. తెర మీది బొమ్మకు ఏ, బీ, సీ అని కట్టింది. మేము ఈ వ్యాసంలో మాట్లాడదలచుకున్నది ఆ కింది మెట్టు బొమ్మల గురించి. ముసుగు మనిషి కత్తి పట్టుకొని ఒక్కొక్కరినే నరికే సినిమాలు, పాడుబడ్డ హవేలీలో శవం లేచి నడిచే సినిమాలు, రబ్బరు మొఖం, రంగునీళ్ల నెత్తురు, ప్లాస్టిక్ కోరలు.

దళిత అధ్యయనానికి వీటితో ఏం పని అని మా గైడ్లే కాదు, తోటి ఉద్యమకారులు కూడా అడిగినారు. వీటిని ఎక్కువగ చూసింది మనోళ్లే అన్నది ఒక జవాబు. ఆ జవాబు చాలదు. భయపెట్టడానికి తెర మీద నిలబెట్టిన బొమ్మ ఎవరి బొమ్మ, ఆ బొమ్మకు కట్టిన తాడు చూసేవాడికి కనబడుతున్నదా లేదా, ఇది మా ప్రశ్న. సిద్దిపేట వంటి చోట ఇది కళకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. ఎందుకు కాదో తర్వాత చెప్తాము.

ముందు సరుకు సంగతి. హిందీలో దయ్యాల సినిమా అంటే రాంసే సోదరులు. తండ్రి ఎఫ్.యు. రాంసే దేశ విభజనకు ముందు కరాచీలో రేడియోల వ్యాపారం చేసిన సింధీ. రాంసింఘానీ అనే పేరు తెల్లవాళ్ల నోరు తిరగక రాంసే అయింది. బొంబాయికి వచ్చి సినిమాలు తీసి దెబ్బతిన్నాడు. 1970లో తీసిన ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ కూడా ఆడలేదు. అయితే అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగు వేసుకొని దొంగతనానికి వచ్చే ఘట్టాన్ని మాత్రం జనం కదలకుండ చూస్తున్నారని కొడుకులు గమనించిండ్రు. మిగతా సినిమా తీసేసి ఆ ముసుగునే సినిమా చేస్తే పోలేదా అనుకున్నరు. 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’ అట్ల పుట్టింది. మహాబలేశ్వర్‌లో గెస్ట్‌హౌస్ తీసుకొని, కుటుంబమంతా బస్సులో పోయి, నలభై రోజుల్లో, మూడున్నర లక్షల్లో తీసినారని చెప్తరు. ఒక అన్న కథ రాస్తడు, ఒకడు కెమెరా పడతడు, ఒకడు శబ్దం చూస్తడు, ఇద్దరు దర్శకత్వం. ఇంటిల్లిపాది చేసే కులవృత్తి లాగనే ఉన్నది వాళ్ల పని పద్ధతి. ‘పురానా మందిర్’ (1984), ‘తహ్‌ఖానా’ (1986), ‘వీరానా’ (1988), ‘బంద్ దర్వాజా’ (1990) అన్నీ ఆ కుటీర పరిశ్రమ సరుకే. 1993 నుంచి ‘జీ హారర్ షో’ పేరుతో టీవీలోకి కూడా వచ్చిండ్రు.

అమెరికాలో నరుకుడు సినిమాల పుట్టుక కూడా ఇటువంటి పేదరికంలోనే జరిగింది. 1978 నాటి ‘హాలోవీన్’కు అయిన ఖర్చు మూడు లక్షల డాలర్లకు కొంచెం పైన. హంతకుడి ముసుగుకు డబ్బుల్లేక ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ బొమ్మ మాస్కు ఒకటి రెండు డాలర్ల లోపల కొని దానికి తెల్లరంగు కొట్టిండ్రు. 1980లో ‘ఫ్రైడే ది థర్టీన్త్’ వచ్చినంక ఆ బాపతు సినిమాలు గుంపులు గుంపులుగా వచ్చినయి. మనకు ఈ రెండు పాయలూ కలిసి వచ్చినయి. ముందు టాకీసుల్లో, తర్వాత కిరాయి క్యాసెట్లల్లో, ఆ తర్వాత పది రూపాయల సీడీలల్లో. నిజాం ఏలుబడి నుంచి ఉర్దూ చెవిన పడ్డ ప్రాంతం మనది. హిందీ దయ్యానికి ఇక్కడ డబ్బింగు అక్కర్లేకపోయింది.

తెలుగులో ఈ దుకాణం ఇంకా ముందు తెరిచినవాడు విఠలాచార్య. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు జానపదాన్ని చౌకగా తీయడం నేర్పినవాడు. హీరో డేట్లు ఇవ్వకుండ సతాయిస్తే ఆ పాత్రను చిలుకగానో మేకగానో మార్చేసి మిగతా సినిమా పూర్తి చేసేవాడని ఇప్పటికీ చెప్పుకుంటరు. నిజమో కాదో గాని, స్టారును మేకను చేసే అధికారం ఈ చౌక సినిమాకే ఉండె. కోట్ల సినిమాకు లేదు.

ఆయన ‘జగన్మోహిని’ (1978)లో ఒక ఘట్టం తెలుగు దేశమంతా గుర్తు పెట్టుకున్నది. కోడలి రూపంలో ఉన్న దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తది. చూస్తే అది కెమెరా మోసమని పిల్లగాడు గూడ చెప్తడు. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లల్లో పెద్దవయసు ఆడకూలీలతో సినిమాల గురించి మాట్లాడినప్పుడు ఈ ఘట్టం చెప్పి నవ్వని మనిషి మాకు కనబడలేదు. పొద్దంతా నాటు వేసి వచ్చి మళ్లా పొయ్యి ముందర కూసునేటోళ్లం, మా కాళ్లు కూడ అట్లనే కాలినయి అని ఒకామె అన్నది. ఏ స్త్రీవాద వ్యాసంలోనైనా ఇంతకంటే సూటి వ్యాఖ్యానం వచ్చిందా ఈ సినిమా మీద?

ఈ నవ్వు దగ్గర కొంచెం ఆగాలె. ఎందుకంటే ఈ మధ్య ఇంకో నవ్వు కూడా మార్కెట్లోకి వచ్చింది. పెద్ద చదువుల పిల్లలు, నగరాల ఫిల్ము క్లబ్బులు చెత్త సినిమాలను వెతికి వెతికి చూస్తున్నయి. ‘గుండా’ (1998), ‘షైతానీ డ్రాకులా’ (2006) వంటివాటికి భక్తులు తయారైండ్రు. ఎంత చెత్తగ ఉంటే అంత మజా. వాళ్లు నవ్వేది ఎవరిని చూసి? కెమెరా పట్టరానివాడిని చూసి, ఉచ్చారణ సరిగ లేని నటుడిని చూసి, దాన్ని పైసలిచ్చి చూసిన నేల క్లాసును చూసి. అది పై మెట్టు మీద నిలబడి కిందికి చూసి నవ్వే నవ్వు. యూనివర్సిటీలో మొదటిసారి నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడినవాడికి ఆ నవ్వు బాగా తెలుసు.

నేల క్లాసు నవ్వు వేరు. అది భయపడుకుంటనే నవ్వుతది. దయ్యం తలుపు తీసేటప్పుడు పక్కవాడి చేయి పట్టుకుంటది, మాస్కు అంచు మెడ దగ్గర లేచినట్టు కనబడంగనే ఈల వేస్తది, మళ్లా భయపడతది. రెండూ ఒకేసారి జరుగుతయి. ఇది వీళ్లకు తెలివి తక్కువై కాదు. ఈ చూపు వీళ్లకు సినిమా కంటే ముందు నుంచే ఉన్నది.

ఇప్పటి సిద్దిపేట జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు కథల పటాలు రాస్తరు. ఎర్రటి నేల మీద గుడ్లు మిటకరించిన రాక్షసులు, తెగిన తలలు, పాములు. ఆ పటాలు గోడకు తగిలించుకునే అలంకారం కోసం పుట్టినవి కావు. కులపురాణాలు చెప్పే ఆశ్రిత కులాల కోసం పుట్టినయి. మాదిగలకు డక్కలి వాళ్లు జాంబపురాణం చెప్తరు, పద్మశాలీలకు కూనపులి వాళ్లు చెప్తరు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు చెప్తరు. కథకుడు పటం పక్కనే నిలబడి కట్టెతోటి చూపిస్తడు: ఇగో ఇతనే రాక్షసుడు, ఇగో ఇక్కడ తల తెగింది. బొమ్మ బొమ్మే అని అందరికీ తెలుసు, అయినా ఒళ్లు జలదరిస్తది. మాదిగల ఆశ్రిత కులమైన చిందు వాళ్ల ఆట కూడా అంతే. వేషగాడు మొఖానికి రంగు పూసుకునేది పిల్లలు తొంగి చూస్తనే ఉంటరు, అదే మనిషి హిరణ్యకశిపుడై అరిస్తే ఉరుకుతరు. ఈ ఆటలో, ఈ పటంలో భయాన్ని ఎవరు తయారు చేస్తున్నారో దాచరు. తయారీ కనబడడం తప్పు కాదు, అదే పద్ధతి. ఇటువంటి చూపుతో టాకీసులకు వచ్చినవాళ్లకు రాంసే వాళ్ల రబ్బరు మొఖం చేతగాని పనిగా ఎందుకు తోస్తది? అది వాళ్లకు తెలిసిన భాషే. ‘తెర మీది భ్రమలో ప్రేక్షకుడు మునగాలె’ అన్న సూత్రం చదువుకున్న వర్గాల సూత్రం. మన వాడలకు అది ఆలస్యంగ వచ్చింది.

ఇప్పుడు కథల లోపలికి పోదాము. ‘పురానా మందిర్’లో సామ్రీ అనే సైతాను ఆరాధకుడిని రాజా హరిమాన్ సింగ్ పట్టి తల నరికిస్తడు. తల ఒక పెట్టెల పెట్టి హవేలీలో దాస్తరు, మొండెం పాత గుడి వెనక పూడుస్తరు. చచ్చేముందు వాడు పెట్టిన శాపం వల్ల ఆ వంశం ఆడవాళ్లు కాన్పులో చస్తుంటరు. రెండువందల ఏండ్ల తర్వాత తలా మొండెం కలిసి వాడు లేస్తడు. చివరికి దేవుడి త్రిశూలం ముందర ఓడిపోతడు. కథ ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు. రాజు మంచోడు, నల్లటి భారీ మనిషి చెడ్డోడు.

కాని తెలంగాణలో ఈ హవేలీని జనం హవేలీగ చూడలేదు, గడిగ చూసిండ్రు. మెదక్, కరీంనగర్, నల్లగొండ ఊళ్లల్లో 1946-51 సాయుధ పోరాటం నాడు కొన్ని, 1970లూ 80లలో రైతుకూలీ పోరాటాల నాడు కొన్ని గడీలు ఖాళీ అయినయి. దొరలు పట్నం పోయిండ్రు. గోడలకు రాగిచెట్లు మొలిచినయి, గబ్బిలాలు చేరినయి. ఆ గడీల బావుల గురించి, భూమి లోపలి అర్రల గురించి ప్రతి ఊళ్లో కథలున్నయి. వెట్టి చేయనన్నోణ్ణి ఎక్కడ కొట్టి చంపిండ్రు, ఆడబాపగా తెచ్చిన పిల్ల ఏ బావిలో తేలింది. చిన్నపిల్లలకు అవి దయ్యాల కథలు, పెద్దోళ్లకు జరిగిన సంగతులు. రాంసే సినిమాలో నేలమాళిగ తలుపు కిర్రుమన్నప్పుడు ఈ ప్రేక్షకుడికి లోపల ఏముంటదో ముందే తెలుసు. సినిమా చెప్పే కథ ఒకటి, వాడికి వినబడే కథ ఒకటి. చౌకగా అల్లిన కథ కాబట్టి అతుకుల మధ్య సందులున్నయి. రాజు తల నరికించిండు, శవాన్ని రెండు ముక్కలు చేసి దాచిపెట్టిండు అన్న మాట ఆ సందులోంచి బయటపడి, మిగతా సినిమా భక్తితో కూడా లోపలికి పోదు.

నరుకుడు సినిమాలో ఇంకో సూత్రమున్నది. హంతకుడు ముసుగులో ఉంటడు, వాడెవడో చివరిదాక తెలియదు, కారణం కూడా ఉండదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను వెంటాడి నరికి, శవాలను గోనెసంచుల్లో మూటగట్టి కాలువలో వేసినవాళ్లకు ముసుగుల్లేవు. పట్టపగలు, ఊరందరికీ పేర్లు తెలిసినవాళ్లు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు సాక్ష్యం నిలవదని అందరినీ విడిచిపెట్టింది. ‘హంతకుడెవరు’ అన్న ప్రశ్న మీద నడిచే కథ మన జనానికి ఎందుకంత ఉత్కంఠ కలిగించదో, ఎందుకు వాళ్లు దాన్ని ఆటగనే చూస్తరో ఇక్కడ అర్థమైతది. మన దగ్గర హంతకుడెవరో మొదటి రీలులోనే తెలుసు.

అమెరికా సినిమాల్లో మాకు ఎక్కువ పట్టింపు కలిగించింది 1974లో టోబ్ హూపర్ చాలా తక్కువ డబ్బుతో తీసిన ‘టెక్సాస్ చైన్‌సా మాసకర్’. అందులో హంతకుడి పేరే ‘లెదర్‌ఫేస్’, అంటే తోలుమొఖం. మనిషి తోలు ముసుగు కట్టుకుంటడు. వాళ్లది తరతరాలుగ కబేళాలో పనిచేసిన కుటుంబం. సుత్తితో కొట్టి పశువును పడేసే పని వాళ్లది, కొత్త యంత్రం వచ్చి ఆ పని పోయింది. తోలు, ఎముక, నెత్తురు, కత్తి. ఈ నాలుగు పెట్టుకొని అక్కడి మధ్యతరగతి భయానికి బొమ్మ తయారు చేసిండ్రు. తోలు పని చేసేవాడు తెర మీద దయ్యం కావడానికి కులం కూడా అక్కర్లేదన్నమాట! ఆ సినిమా మీద మాకున్న గౌరవమేమంటే, వాళ్లు ఎందుకట్లయినారో ఒక్క మాటైనా చెప్పింది. పని పోయిందని చెప్పింది.

మన సినిమాలు ఆ ఒక్క మాట కూడా చెప్పవు. ఇక్కడ భయానికి గుర్తులేమిటో లెక్కబెట్టండి. డప్పు దరువు, జమిడిక మోత, పుర్రె, ఎముక, కోడి నెత్తురు, నిమ్మకాయ, పసుపు కుంకుమ కలిపిన అన్నం, వల్లకాడు. ఇవన్నీ ఎవరి సామాన్లు? జమిడిక బైండ్లోళ్లది, పోచమ్మ ఎల్లమ్మల కొలుపుల్లో మోగేది. డప్పు మాదిగలది. వల్లకాడు కాపలా మనది. భయం తీరడానికి వచ్చే శబ్దమేమో సంస్కృత మంత్రం, గుడి గంట. మన పండుగ శబ్దం వాళ్లకు దయ్యం శబ్దం. చౌక సినిమా, ఖరీదు సినిమా రెండూ ఈ పని చేసినయి. చౌక సినిమా మన పక్షాన ఉన్నదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆడవాళ్ల విషయంలో మరీ అన్యాయం. రాంసే సినిమాలో స్నానం చేయని హీరోయిన్ లేదు, నరుకుడు సినిమాలో బట్టలు సగం పోకుండ చచ్చిన పిల్ల లేదు. టిక్కెట్లు సగం అందుకే తెగినయి. దాన్ని ప్రజల సంస్కృతి అని నెత్తిన పెట్టుకునే అవసరం మాకు లేదు.

మేమనేది ఒక్కటే: ఒకే అబద్ధాన్ని తాడు కనబడేటట్టు చెప్పడానికీ, కనబడకుండ చెప్పడానికీ తేడా ఉన్నది. ఆ తేడా మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నయి.

సిద్దిపేట 2016 అక్టోబరు దాక మెదక్ జిల్లాలో భాగం. 1980ల మొదట్లో ఆ జిల్లా ఊళ్లల్లో బాణామతి భయం పెద్దఎత్తున లేచింది. డాక్టర్లు, హేతువాదులు, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఊరూరు తిరిగి పరీక్షలు చేసి, అది మంత్రం కాదు మనోవేదన అని చెప్పవలసి వచ్చింది. ఆ ఏండ్లల్లోనే యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’, ‘తులసి’ నవలలు ఇంటింటా చదివిండ్రు. రంగనాయకమ్మ గట్టిగ విమర్శించింది. ‘తులసి’ని 1986లో ‘కాష్మోరా’గ సినిమా తీసిండ్రు. చేతబడి చేస్తున్నడని అనుమానించిన మనిషిని ఏం చేస్తరో తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెట్టుకు కడతరు, పటకారుతోటి పండ్లు పీకుతరు, పండ్లు లేకపోతే మంత్రం పలకదని. కొన్నిసార్లు కిరోసిన్ పోస్తరు. ఆ మనిషి చాలాసార్లు దళితుడు, లేకపోతే భూమి తగాదా ఉన్న పేదోడు, లేకపోతే మొగడు పోయిన ముసలామె. తెర మీద ప్లాస్టిక్ కోరలు చూసి నవ్విన వాడలోనే నిజం మనిషి పండ్లు ఊడబీకుతరు.

నవ్వు ఆ చేతిని ఆపిందని మేము అనము. ఆపలేదు. కాని నవ్వు ఉన్నంతసేపు, దయ్యం ఒకరు తయారు చేసిన బొమ్మ అన్న ఎరుక ఉన్నది. ఆ ఎరుకను పోగొట్టడానికే ఇప్పుడు కోట్లు ఖర్చు పెడుతున్నరు. 2009లో ‘అరుంధతి’ ఆ దారి తెరిచింది. గద్వాల సంస్థానం వంశాన్ని ఊరిని కాపాడే దైవంగ నిలబెట్టి, క్షుద్రవిద్య నేర్చిన అఘోరాను దయ్యం చేసింది. రాంసే వాళ్ల ఠాకూరుకు కనీసం పూర్వీకుల శాపమన్నా తగులుతుండె, గద్వాల కోటకు అది కూడా లేదు. గ్రాఫిక్సు ఎంత నున్నగ ఉన్నయంటే, గడి గుర్తుకు రావడానికి సందు లేదు. 2021లో నేరుగా ఓటీటీలో వచ్చి, 2023లో రెండో భాగంతో టాకీసులకు ఎక్కిన ‘మా ఊరి పొలిమేర’ తక్కువ డబ్బులదే, నటులు బాగనే చేసిండ్రు. కాని చేతబడి పారుతదన్న నమ్మకం మీదనే దాని కథంతా నడిచింది.

‘వీరానా’నూ 2023 నాటి ‘విరూపాక్ష’నూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతది. ముప్ఫై అయిదేండ్ల తేడాతో వచ్చిన రెండు సినిమాలకూ మొదలు ఒకటే. ‘వీరానా’లో ఠాకూరు తమ్ముడు మంత్రగత్తెను పట్టిస్తే ఊరు ఉరి తీస్తది, ఆమె పగ ఠాకూరు బిడ్డ ఒంట్లో చేరి మొగవాళ్లను చంపుతది. ‘విరూపాక్ష’లో 1979లో రుద్రవనం అనే ఊరు చేతబడి చేస్తున్నరని ఒక జంటను చెట్టుకు కట్టేసి కాలుస్తది, పన్నెండేండ్ల తర్వాత ఊళ్లో చావులు మొదలైతయి. మొదటిదాంట్లో మంత్రగత్తె అసలు రూపం రబ్బరు పెదవులతోటి, జారిపోయే కోరలతోటి ఉంటది. దాన్ని చూసినవాడెవడూ నిజం ముసలామెను చూసి ఈమె అదే అనుకోడు. రెండోదాంట్లో మంట నిజం మంట లాగనే ఉన్నది, అడవి నిజం అడవి లాగనే ఉన్నది, ఊరోళ్లు మన ఊరోళ్ల లాగనే ఉన్నరు. ఆ తర్వాత రెండు గంటలు ఆ ఊరి అనుమానం ఉత్తది కాదని, చేతబడికి నిజంగనే చంపే శక్తి ఉన్నదని సినిమా ఒక్కొక్క చావుతో రుజువు చేసుకుంట పోతది. కాల్చినవాళ్ల మీద కేసు ఏమైందన్న ముచ్చట దానికి పట్టదు. నరేంద్ర దభోల్కర్‌ను 2013లో పుణెలో కాల్చి చంపినంక మహారాష్ట్ర ఇటువంటి హింస మీద చట్టం తెచ్చింది, 2017లో కర్ణాటక చేసింది. మన దగ్గర అటువంటి చట్టం కోసం అడుగుడే సాగుతున్నది. సెన్సారు బోర్డుకు మాత్రం ఈ సినిమాలో అభ్యంతరం పెద్దగ కనబడలేదు, పెద్దలకు మాత్రమే అని చీటీ ఇచ్చి పంపింది.

మేము సిద్దిపేటలో ఆ సినిమా చూసిన ఆటకు హాలు నిండింది. ఇప్పుడు నేల టిక్కెట్టు లేదు, అందరికీ కుర్చీలే. ఆ జంటను కట్టేసిన దగ్గర ఒక్కరు గూడ నవ్వలేదు. మంట అంటుకున్నప్పుడు ఈలలు వచ్చినయి, ముందు వరుసల నుంచి కూడా.